ఊపిరితిత్తుల మార్పిడి : ముందు, ఆ రోజు, తరువాత

మన పత్రికలో నూలు ధరలు, రంగుల సరఫరా, సహకార సంఘాల లెక్కలు వ్రాయడం పరిపాటి. వైద్య విషయాలు అరుదు. అయినా యీ సంచికలో ఊపిరితిత్తుల మార్పిడిని గురించి వ్రాయ తలపెట్టాము. షోలాపురం, భీవండి, సేలం, బరంపురం, బెంగుళూరు, యానాం, ఎక్కడి మనవారిలో చూచినా ఆయాసంతో మంచం పట్టినవారు ఉన్నారు. వారిలో కొందరికి డాక్టర్లు, "ఇక మందులతో లాభం లేదు, ఊపిరితిత్తులు మార్చవలెను" అని చెబుతున్నారు. ఆ మాట విన్న ఇంటివారు రెండు విధాలుగా ఉంటారు. కొందరు అది మనవంటివారికి అందేది కాదని ఆశ వదులుకుంటారు. మరికొందరు మగ్గాలూ ఇల్లూ అమ్మి అయినా ఆపరేషను చేయిస్తే రోగి లేచి మళ్ళీ మగ్గంమీద కూర్చుంటాడని నమ్ముతారు. రెండు తలంపులూ కుటుంబానికి చేటు తెచ్చేవే.

మేము చెప్పదలచినది ఇంతే. ఆపరేషను ఒక రాత్రి పని. దానికి ముందు నెలల తరబడి చేసుకున్న సన్నాహం, తరువాత ఏండ్ల తరబడి ఇంటిల్లిపాదీ పాటించే క్రమం, ఇవి కొత్త ఊపిరితిత్తులను నిలుపుతాయి. కనుక సంతకం చేసే ముందు ఇంటివారు లెక్క వేసుకోవలసినది ఆ ఒక్క రాత్రి ఖర్చు కాదు, తరువాతి సంవత్సరాల ఖర్చు, తరువాతి సంవత్సరాల సేవ.

దుమ్మూ మన వృత్తీ

పత్తి దుమ్మువల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు బిస్సినోసిస్ అని పేరు. మిల్లులలో పత్తిని విప్పే బ్లోరూము, కార్డింగు ఖాతాలలో ఇది హెచ్చు. నేతఖాతాలో దుమ్ము కొంత తక్కువే గాని లేకపోలేదు. సెలవు గడిచి పనిలోకి వెళ్ళిన మొదటి రోజున ఛాతీ బిగబట్టినట్లు ఉండడం దీని తొలి గుర్తు. ఆ దశలోనే దుమ్ము వదిలితే చాలవరకు నెమ్మదిస్తుంది. ఏండ్లు గడిచిన తరువాత వదిలినా పోయిన ఊపిరి తిరిగి రాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు వృత్తివ్యాధుల పట్టికలో దీనిని తరువాత చేర్చారు.

దీనికి తోడు మన ఇండ్లలో వేరే కారణాలు కూడా ఉన్నవి. బీడీ చుట్టే తల్లులకు పొగాకు దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, మగవారికి బీడీ, పాత క్షయవ్యాధి విడిచిపోయిన మచ్చలు. ఆయాసపడే ప్రతివారికీ మార్పిడి అవసరం అవుతుందని మేము చెప్పడం లేదు. నూటికి తొంభైమందికి పైగా మందులూ, దుమ్ము వదలడమూ, పొగ మానడమూ సరిపోతవి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బులో, బీడీ పొగవల్ల గాలిగదులు చెడిపోయిన జబ్బులో, గొట్టాలు వెడల్పై చీము నిలిచే జబ్బులో, ఊపిరితిత్తుల నాళాలలో రక్తపుపోటు పెరిగే జబ్బులో, మరే చికిత్సా పనిచేయని దశ వచ్చినప్పుడే మార్పిడి మాట పుడుతుంది.

ఈ వైద్యం ఎట్లా నిలదొక్కుకున్నది

1963 జూన్ 11వ తేదీన అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ పట్టణంలో డాక్టర్ జేమ్స్ హార్డీ మొట్టమొదట మనిషికి మరొకరి ఊపిరితిత్తిని అమర్చారు. రోగి 18 రోజులు బ్రతికాడు. 1968లో బెల్జియం దేశంలో ఘెంట్ నగరాన డాక్టర్ ఫ్రిట్జ్ డెరోమ్ ఆపరేషను చేసిన యువకుడు సుమారు పది నెలలు జీవించాడు. ఆ యువకుడు ఇసుక దుమ్ములో పనిచేసి సిలికోసిస్ తెచ్చుకున్న కార్మికుడు. దుమ్ము వృత్తివారమైన మనం ఆ సంగతి మరువరాదు.

ఆ ఇరవై ఏండ్లలో నలభైకి పైగా ప్రయత్నాలు జరిగినా ఎవరూ ఎక్కువ కాలం నిలువలేదు. కోత కోయడం, కుట్టడం డాక్టర్లకు చేతనైనదే. కాని శరీరం పరాయి అవయవాన్ని శత్రువుగా ఎంచి నాశనం చేస్తుంది. దానిని అణచే మందులు ఎక్కువైతే శ్వాసనాళపు అతుకు మానక విడిపోయేది. సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చిన తరువాత, 1983లో కెనడాలోని టొరంటో నగరంలో డాక్టర్ జోయెల్ కూపర్ బృందం ఆపరేషను చేసిన 58 ఏండ్ల రోగి ఆరేండ్లకు పైగా జీవించాడు. అప్పటినుంచి ఇది వైద్యంగా నిలిచింది. నేడు మన దేశంలో చెన్నై, హైదరాబాదు, బెంగుళూరు, ముంబయి నగరాలలో ఈ ఆపరేషన్లు జరుగుతున్నవి.

డాక్టరువద్దకు ఎప్పుడు వెళ్ళవలెను

మనవారు చేసే పెద్ద పొరపాటు ఆలస్యం. మంచం దిగలేని స్థితిలో, ఎముకలగూడై, శ్వాసయంత్రంమీద ఉన్నప్పుడు పెద్ద ఆస్పత్రికి తరలిస్తారు. అప్పటికి శరీరం ఆపరేషనుకు తాళదు. మార్పిడి చేసే డాక్టర్లు కోరేది దీనికి భిన్నం. జబ్బు ముదురుతున్నది, ఇంట్లో ప్రాణవాయువు అవసరమవుతున్నది, కాని రోగి ఇంకా నాలుగడుగులు వేయగలడు, తినగలడు అనే దశలోనే ఒకసారి చూపించవలెను. చూపించినంత మాత్రాన ఆపరేషను చేయరు. ఇది ఇంకా దూరమని చెప్పి పంపినా ఆ ప్రయాణం వృథా కాదు.

కొందరికి ఈ వైద్యం చేయరు. క్యాన్సరు ఉన్నవారు, క్షయ ఇంకా నయం కానివారు, మూత్రపిండాలో కాలేయమో బాగా చెడినవారు, మరీ చిక్కిపోయినవారు లేక మరీ లావైనవారు, మందులు సరిగా వేసుకోనివారు ఆ కోవలోకి వస్తారు. పొగాకు విషయంలో ఏ కేంద్రమూ సడలింపు ఇవ్వదు. చుట్ట, బీడీ, నమిలే పొగాకు ఏదైనా సరే, సాధారణంగా ఆరు నెలలు పూర్తిగా మాని ఉండవలెను. రక్తపరీక్షలో గాని మూత్రపరీక్షలో గాని అబద్ధం తేలిపోతుంది. పాత క్షయవల్ల ఊపిరితిత్తి ఛాతీగోడకు అతుక్కుని ఉన్న యెడల ఆపరేషను కష్టతరం అవుతుంది. ఆ సంగతి దాచక చెప్పవలెను.

పరీక్షలూ, నిరీక్షణా

మొదట ఊపిరి కొలిచే పరీక్ష, నెత్తురులో ప్రాణవాయువు పరీక్ష, ఛాతీ సి.టి. స్కాను, గుండె పరీక్షలు జరుగుతవి. ఆరు నిమిషాలలో ఎంత దూరం నడవగలడో కొలుస్తారు. రక్తపు గ్రూపు, పరాయి కణాలను ఎదిరించే పదార్థాలు నెత్తురులో ఉన్నవా లేవా, కామెర్ల క్రిములు, క్షయ, పండ్లు, ఎముకల గట్టిదనం, అన్నీ చూస్తారు. చెడ్డ పన్ను ఒకటి ఉంటే దానిని తీయించి రమ్మంటారు. మందులవల్ల శరీరపు రక్షణశక్తి తగ్గిన తరువాత ఆ పన్నే ప్రాణం తీయగలదు. టీకాలు కూడ ముందే పూర్తి చేయించవలెను. కొన్ని టీకాలు ఆపరేషను తరువాత వేయరాదు.

రోగితోబాటు ఇంటివారినీ డాక్టర్లు ప్రశ్నిస్తారు. వెంట ఉండేది ఎవరు? వారికి చదువు వచ్చునా? ఇల్లు ఎటువంటిది? మందులకు డబ్బు ఎక్కడిది? ఇవి ఆడిగేందుకు అడిగే ప్రశ్నలు కావు, సేవచేసేవారు లేని రోగికి ఊపిరితిత్తులు అమర్చడం వ్యర్థమని వారికి అనుభవం.

పేరు నమోదైన తరువాత నిరీక్షణ. రక్తపు గ్రూపు కలియవలెను, ఛాతీ పరిమాణం కలియవలెను. అది వారాలు కావచ్చు, సంవత్సరం దాటవచ్చు. ఆ కాలంలో చేతులు ముడుచుకుని కూర్చోరాదు. ప్రాణవాయువు పెట్టుకునే రోజూ నడక, కాళ్ళకూ చేతులకూ కసరత్తు చేయిస్తారు. పప్పు, గ్రుడ్డు, పాలు మొదలైన బలమైన తిండి పెట్టవలెను. కాళ్ళలో బలం ఉన్న రోగి ఆపరేషను తరువాత త్వరగా లేస్తాడు. ఇంట్లో ప్రాణవాయువు యంత్రం ఉంటే కరెంటు పోయినప్పటికోసం సిలిండరు ఒకటి నింపి ఉంచవలెను. ఆస్పత్రికి కొద్ది గంటల దూరంలోనే బస చేయవలెను. ఫోను ఎన్నడూ ఆపరాదు. పిలుపు వచ్చిన తరువాత ఏమీ తినరాదు. ఒక్కొక్కసారి ఆపరేషను బల్లదాకా వెళ్ళి, దాత ఊపిరితిత్తి బాగాలేదని తేలి తిరిగి రావలసి ఉంటుంది. అది ఎవరి తప్పూ కాదు. మళ్ళీ పిలుపు వస్తుంది.

మనవంటి వలస కుటుంబాలకు ఒక ముఖ్యమైన సంగతి. వేరే రాష్ట్రంలో పేరు నమోదు చేయించుకునేందుకు ఆ రాష్ట్రవాసి అనే ధృవపత్రం అడుగరాదని 2023లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. ఆచరణలో ఆయా రాష్ట్రాల వరుసక్రమం ఎట్లా ఉన్నదో ఆస్పత్రిలోని మార్పిడి సమన్వయకర్తను ముందే అడిగి తెలుసుకోవలెను.

దాత

ఎక్కువ భాగం ఊపిరితిత్తులు మెదడు మరణించినవారినుంచి వస్తవి. రోడ్డు ప్రమాదంలోనో, మెదడులో నెత్తురు చిమ్మడంవల్లనో మెదడు పూర్తిగా చచ్చిపోయినా యంత్రంవల్ల గుండె కొంతకాలం ఆడుతూ ఉంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల మండలి, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి మరణాన్ని నిర్ధారణ చేయవలెను. తరువాత ఇంటివారు ఒప్పుకోవలెను. డబ్బు ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరం. ఊపిరితిత్తి తెప్పిస్తామని డబ్బు అడిగేవాడు మోసగాడని గ్రహించవలెను.

ఇతర అవయవాలకంటె ఊపిరితిత్తులు త్వరగా చెడిపోతవి. దాత శరీరం నుంచి తీసిన తరువాత సుమారు ఆరు గంటలలో అమర్చడం మంచిది. అంబులెన్సుకోసం పోలీసులు రోడ్లు ఖాళీ చేయించడం అందుకే.

ఆ రోజు

ఒక ఊపిరితిత్తి మార్చడానికి నాలుగునుంచి ఎనిమిది గంటలు, రెండూ మార్చడానికి ఆరునుంచి పన్నెండు గంటలు పట్టవచ్చు. ప్రతి ఊపిరితిత్తికి ముఖ్యంగా మూడు అతుకులు వేస్తారు. ఒకటి గాలి వచ్చే శ్వాసనాళం, రెండవది గుండెనుంచి నెత్తురు తెచ్చే నాళం, మూడవది శుద్ధమైన నెత్తురును గుండెకు చేర్చే నాళాలు. పాత పడుగు పోగులకు కొత్త పడుగు పోగులు అతికేటప్పుడు ఒక్క పోగు జారినా బట్ట చెడుతుందని మనకు తెలుసు. ఇక్కడ శ్వాసనాళపు అతుకు అటువంటిది. దానికి నెత్తురు అందించే సన్నని నాళాలను సాధారణంగా తిరిగి కలుపరు. అందుచేత ఆ అతుకు నెమ్మదిగా మానుతుంది. దానిని దూర్బీను గొట్టంతో మళ్ళీ మళ్ళీ చూస్తారు.

మొదటి మూడు రోజులు గడ్డు రోజులు. కొత్త ఊపిరితిత్తి నీరుపట్టి పనిచేయక మొరాయించవచ్చు. అందుకని నీళ్ళు, సెలైన్ కొలిచి ఇస్తారు. దాహమంటున్నాడని ఇంటివారు చాటుగా నీళ్ళు తాగించరాదు. వెంటిలేటరు తీసిన తరువాత రోగిని లేపి కూర్చోబెడతారు, గొట్టాలు ఉండగానే నడిపిస్తారు. ఆపరేషనులో నరాలు తెగిపోతవి గనుక అతుకు క్రింద కఫం చేరినా రోగికి దగ్గు తెలియదు. కావాలని, వేళకు దగ్గవలెను. ఛాతీ నొప్పిగా ఉన్నదని దగ్గనీయకుండా ఓదార్చేవారు రోగికి మేలు చేయడం లేదు. అంతా సవ్యంగా ఉంటే రెండునుంచి నాలుగు వారాలలో ఆస్పత్రినుంచి విడుదల అవుతారు. ఆ తరువాత కూడ కొన్ని నెలలు ఆ నగరంలోనే ఉండవలసి వస్తుంది.

ఇంటికి వచ్చిన తరువాత

ఇక్కడినుంచి ఇంటివారే డాక్టర్లకు చేయూత. సాధారణంగా మూడు రకాల అణచివేత మందులు ఇస్తారు: టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్. ఇవి కొత్త ఊపిరితిత్తి ఉన్నన్నాళ్ళూ వేసుకోవలెను. టాక్రోలిమస్ మామూలు మాత్రలు పన్నెండు గంటల ఎడంతో వేళ తప్పక వేసుకోవలెను. ఉదయం 8 గంటలకు వేస్తే రాత్రి 8 గంటలకు. రక్తపరీక్ష ఉన్న రోజున నెత్తురు ఇచ్చిన తరువాతనే ఉదయపు మాత్ర వేసుకోవలెను. ముందుగా వేసుకుంటే లెక్క తప్పుతుంది. ఒంట్లో బాగున్నదని మానివేసినవారు కొద్ది వారాలలోనే ఊపిరితిత్తిని పోగొట్టుకోవచ్చు.

ఈ మందులు ఇతర మందులతో పొసగవు. ఫంగస్ మందులు కొన్ని, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటివి టాక్రోలిమస్‌ను నెత్తురులో విషమంత పెంచుతవి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ దానిని బాగా తగ్గించివేస్తుంది. నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మూత్రపిండాలను దెబ్బతీస్తవి. పంపరపనస జాతి పండ్లు తినరాదు. నాటు మందులు, పసరులు, చూర్ణాలు కూడదు. కనుక వీధిలోని మందులషాపులో అడిగి తెచ్చిన మాత్ర ఏదీ మార్పిడి డాక్టరుకు చెప్పకుండా వేయరాదు.

ప్రతి ఉదయం జ్వరం, బరువు, రక్తపుపోటు చూసి, ఇంట్లో ఊదే చిన్న యంత్రంతో ఊపిరి కొలిచి పుస్తకంలో వ్రాయవలెను. నేసిన గజాలు వ్రాసుకునే అలవాటు మనవారికి ఉన్నదే. జ్వరం 100.4 డిగ్రీలు చేరినా, ఊపిరి లెక్క నూటికి పది తగ్గినా, కొత్తగా దగ్గు, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి తెలుపవలెను. రేపు చూద్దామనరాదు.

మగ్గం మాటకు వస్తాము. మన ఇండ్లలో మగ్గం ఉన్న గదే వంటగది, పడకగది. ఆపరేషను అయినవారికి దుమ్మూ, బూజూ ప్రాణాపాయం. తేమపట్టిన గుంటమగ్గపు గది, పులిసిన గంజి, బూజుపట్టిన నూలు, పాత ధాన్యం, పావురాల రెట్ట, ఇల్లు కట్టే చోటు, వీటిలో ఉండే బూజు జాతి కొత్త ఊపిరితిత్తులలో సులభంగా పాతుకుంటుంది. కనుక రోగికి వేరే గది, గాలీ వెలుతురూ గల గది, కావలెను. నూలు చుట్టడం, గంజిపెట్టడం, బీడీ చుట్టడం ఆ ఇంట్లో ఇతరులూ చేయకుండటం మేలు. రోగి మళ్ళీ దుమ్ములోని పనికి పోరాదు. లెక్కలు వ్రాయడం, బట్ట అమ్మకం, నమూనాలు గీయడం వంటి పనులు చేయవచ్చు.

తిండి వేడిగా, ఇంట్లో వండినది. నీళ్ళు కాచి చల్లార్చినవి. పచ్చిపాలు, సంతలోని కోసిన పండ్లు, చల్లారిన విందుభోజనం పనికిరావు. మొదటి నెలలలో పెండ్లిళ్ళకూ జాతరలకూ పోకుండా ఉండవలెను. పరామర్శకు వచ్చే బంధువులకు జలుబు ఉంటే గుమ్మంలోనే ఆపవలెను. మనవారిలో ఇది మర్యాదగా తోచదు, కాని బంధువులు అర్థం చేసుకోవలెను.

మందులవల్ల చక్కెరజబ్బు, రక్తపుపోటు, చేతుల వణుకు, ఎముకల బలహీనత, మూత్రపిండాల నీరసం రావచ్చు. అందుకే నెలనెలా పరీక్షలు. కొన్ని ఏండ్లకు శరీరం నెమ్మదిగా కొత్త ఊపిరితిత్తిని తిరస్కరించి, సన్నని గొట్టాలు మూసుకుపోవచ్చు. అయిదేండ్లలో సుమారు సగంమందికి ఇది కొంతలో కొంత కనిపిస్తుంది. అంతర్జాతీయ లెక్కల ప్రకారం నూటికి సుమారు 85 మంది మొదటి సంవత్సరం దాటుతున్నారు. సగానికి కొంత మించి అయిదేండ్లు దాటుతున్నారు. కొందరు పది, పదిహేనేండ్లు కూడ సుఖంగా ఉన్నారు. ఆయాసంతో ఒక గది దాటలేని మనిషికి ఆ ఏండ్లు తక్కువ కాదు. అయినా ఇది పూర్తి స్వస్థత అని ఎవరైనా చెబితే నమ్మరాదు.

ఒప్పుకునే ముందు వేసుకోవలసిన లెక్క

ఆపరేషనుకు పదుల లక్షల రూపాయలు అవుతుంది. దానికోసం చందాలు పోగుచేయడం సాధ్యం. కాని తరువాత నెలనెలా వేల రూపాయల మందులు, పరీక్షలు ఉంటవి. వాటికి చందాలు రావు. కనుక ఇంటివారు కూర్చుని ఇవి వ్రాసుకోవలెను.

1. ఆపరేషను ఖర్చు పోను, కనీసం రెండేండ్ల మందులకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?
2. ఇంట్లో రాత్రింబవళ్ళు చూసుకునే ఇద్దరు ఎవరు? ఒకరు జబ్బుపడితే రెండవవారు ఉండవలెను.
3. నగరంలో ఆరు నెలల బస, ఇక్కడ నిలిచిపోయే మగ్గాల ఆదాయం, ఎంత?
4. దుమ్ములేని గది ఇంట్లో కలదా? లేనియెడల వేరే ఇల్లు తీసుకోగలమా?
5. ప్రభుత్వ ఆరోగ్య పథకం, ఇ.ఎస్.ఐ. లేక బీమా ఏమేరకు ఇస్తుంది? ఆపరేషనుకే ఇస్తుందా, మందులకూ ఇస్తుందా?

ఈ లెక్కకు సమాధానం రాని యెడల, వద్దని చెప్పే హక్కు కుటుంబానికీ, ముఖ్యంగా రోగికీ, కలదు. అది ప్రేమలేక చెప్పిన మాట కాదు. ప్రాణవాయువు, ఆయాసం తగ్గించే మందులు, నొప్పి లేకుండా చూసే వైద్యం అప్పుడు కూడ ఉన్నవి. వాటిని అడిగి పొందవలెను.

మన సంఘాలు చేయగలిగినది కూడ ఉన్నది. ఆపరేషను రోజున ఒక్కసారి ఇచ్చే విరాళంకంటె, నెలకు ఇంత అని రెండేండ్లు మందులకు ఇచ్చే సహాయం రోగికి ఎక్కువ ఉపయోగం. చెన్నైలో, హైదరాబాదులో, ముంబయిలో ఉన్న మనవారు బయటి ఊళ్ళనుంచి వచ్చే కుటుంబాలకు ఒక గది ఇవ్వగలిగితే అది వేల రూపాయల సాయం. పనిచోట గాలి ఆడేటట్లు చూడడం, ముక్కుకు గుడ్డ కట్టడం, ఏటా ఒకసారి ఊపిరి పరీక్ష చేయించడం మార్పిడి అవసరమే రాకుండా చేసే పనులు. వీటిని సంఘాల సమావేశాలలో తీర్మానించవలెనని కోరుతున్నాము.

చివరగా, మనవారు పుచ్చుకునే వరుసలో నిలిచినట్లే ఇచ్చే వరుసలోనూ నిలువవలెను. అవయవదానం విషయం ఇంట్లో భోజనాలవేళ ఒకసారి చెప్పి ఉంచండి. కార్డుమీద సంతకం చేసినా, ఆ సమయానికి ఇంటివారి అంగీకారం కావలెను. ముందే మాట్లాడుకున్న కుటుంబం ఆ దుఃఖంలో త్వరగా నిర్ణయం తీసుకోగలదు. ఆ నిర్ణయంతో ఎవరింటనో ఒకరు మళ్ళీ నిండుగా ఊపిరి పీలుస్తారు.